ఫిట్స్ వచ్చాక బండి తాళాలు ఎవరి చేతిలో? ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల ప్రశ్నలకు జవాబులు

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఈ ఊరి తెలుగువాళ్ల సంఖ్యే ముఖ్య కారణం. ఇక్కడి ఇళ్లలో ఒకరు ఇంజన్ మీద ఉంటారు, ఒకరు వర్క్‌షాప్‌లో ఉంటారు, ఇంకొకరు టోటో (ఈ-రిక్షా) నడుపుతారు. ఇంటి గుమ్మంలో స్కూటరో బైకో ఎలాగూ ఉంటుంది. అలాంటి ఇంట్లో ఒకరికి మూర్ఛ వ్యాధి అని డాక్టరు చెప్పగానే మందుల సంగతి తర్వాత, ముందు వచ్చే ప్రశ్న: ఇక బండి నడపకూడదా? ఉద్యోగం ఉంటుందా?

ఈ రెండు ప్రశ్నలనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టడం వల్లే చాలామంది జబ్బును దాస్తారు. నిజానికి లైసెన్సుకు ఒక చట్టం, ఉద్యోగానికి ఇంకొక నిబంధన. కింది జవాబులు వాటిని విడదీసి చెబుతాయి.

లైసెన్సు, చట్టం

ఒక్కసారే ఫిట్స్ వచ్చింది. అంతమాత్రాన మూర్ఛ వ్యాధి అనేస్తారా?

అనరు. విపరీతమైన జ్వరం, రక్తంలో చక్కెర పడిపోవడం, సోడియం తగ్గడం, రోజూ తాగే మనిషి హఠాత్తుగా మద్యం మానేయడం వంటి కారణాలతోనూ ఫిట్స్ వస్తాయి. అలాంటి తక్షణ కారణమేమీ లేకుండా, 24 గంటలకు పైగా ఎడంతో రెండుసార్లు వస్తే మూర్ఛ వ్యాధిగా నిర్ధారిస్తారు. ఒక్కసారే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువని పరీక్షల్లో తేలితే అప్పుడూ అదే మాట అంటారు. మన దేశంలో పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరి మెదడులో తిత్తులు కట్టడం కూడా ఫిట్స్‌కు ఒక పెద్ద కారణం. అందుకే ఈఈజీతో పాటు మెదడు స్కాన్ కూడా రాస్తారు.

పరీక్షలన్నీ పూర్తయి డాక్టరు ఒక మాట చెప్పేదాకా ఏ బండీ నడపవద్దు. వ్యాధి పేరు ఖాయం కాలేదు కదా అని బైకు తీయడం సరి కాదు. మొదటి ఫిట్స్ తర్వాతి నెలల్లోనే మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ.

మూర్ఛ ఉన్నవాళ్లకు లైసెన్సు ఇవ్వకూడదని చట్టంలోనే రాసి ఉందా?

పాత చట్టంలో నేరుగా రాసి ఉండేది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో లైసెన్సుకు పూర్తిగా అనర్హులను చేసే జబ్బుల జాబితా ఒకటి ఉండేది. అందులో మొదటి పేరు మూర్ఛే. 1988 చట్టం ఆ జాబితాను తీసేసింది. దాని బదులు, ఆ మనిషి బండి నడిపితే జనానికి ప్రమాదం కలిగించేటంతటి జబ్బో వైకల్యమో ఉన్నట్టు కనిపిస్తే లైసెన్సు నిరాకరించాలని 8వ సెక్షన్‌లో పెట్టింది.

జాబితా పోయినా ప్రశ్న మాత్రం పోలేదు. లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లో, మీకు మూర్ఛ గానీ హఠాత్తుగా స్పృహ తప్పడం గానీ తల తిరగడం గానీ ఉందా అని ఇప్పటికీ అడుగుతారు. డాక్టరు ఇచ్చే ఫారం 1ఏలోనూ మూర్ఛ ప్రస్తావన ఉంది. రవాణా వాహనాల లైసెన్సుకు, 40 ఏళ్లు దాటినవాళ్ల రెన్యువల్‌కు ఈ ఫారం 1ఏ కావాలి.

ఇంకో లోటు ఉంది. ఫిట్స్ ఆగి ఎన్నాళ్లయితే మళ్లీ నడపవచ్చో మన చట్టం ఎక్కడా చెప్పలేదు. గడువు పెట్టని ఈ నిషేధమే మన దగ్గర అసలు చిక్కు.

ఏజెంటు "లేదు" అని టిక్ పెట్టేస్తానంటున్నాడు. పెట్టించుకోవచ్చా?

వద్దు. ఆ ఫారం కింద సంతకం మీది, ఏజెంటుది కాదు. తప్పుడు సమాచారంతో లైసెన్సు పొందినట్టు తేలితే 19వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేసి, మళ్లీ తీసుకోకుండా అనర్హులుగా ప్రకటించవచ్చు. రేపు ప్రమాదం జరిగితే, జబ్బు సంగతి మీకు ముందే తెలుసనడానికి మీ సంతకమే సాక్ష్యమవుతుంది.

ఫారం ఇంగ్లిషులో ఉన్నా బెంగాలీలో ఉన్నా, ఆ ప్రశ్న దగ్గర ఆగి అర్థం చెప్పించుకోండి. చిన్నప్పుడెప్పుడో జ్వరంలో ఫిట్స్ వచ్చి, తర్వాత మందులూ ఫిట్సూ లేకుండా పాతికేళ్లు గడిచిన వాళ్లు కంగారు పడనక్కర్లేదు. ప్రశ్న ఇప్పటి స్థితి గురించి. అయినా అనుమానం ఉంటే న్యూరాలజిస్టు దగ్గర ఒక ఉత్తరం రాయించుకుని దగ్గర పెట్టుకోండి.

లైసెన్సు పదేళ్ల క్రితమే వచ్చింది. జబ్బు ఇప్పుడు బయటపడింది. ఆర్‌టీవోకి చెప్పి తీరాలా?

జబ్బు తెలిసిన ఇన్ని రోజుల్లోగా ఆఫీసుకు తెలపాలనే గడువు మన చట్టంలో లేదు. బ్రిటన్‌లో ఉంది, అక్కడ లైసెన్సుల సంస్థ డీవీఎల్‌ఏకి తప్పనిసరిగా చెప్పాలి. అలాగని ఇక్కడ నడుపుతూ పోవచ్చని కాదు. జనానికి ప్రమాదకరమైన జబ్బు తనకుందని తెలిసీ బహిరంగ ప్రదేశంలో బండి నడిపితే 186వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి 1,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 2,000 దాకా జరిమానా. జరిమానా చిన్నదే. కానీ, "తెలిసీ" అన్న మాట తర్వాత వచ్చే ప్రతి కేసులోనూ మీకు ఎదురు నిలుస్తుంది.

2019 సవరణ తర్వాత 30 ఏళ్లలోపు తీసుకున్న లైసెన్సు 40వ ఏడు వచ్చేదాకా చెల్లుతుంది. అంటే ఒక కుర్రాడిని పదిహేనేళ్లకు పైగా ఎవరూ ఏమీ అడగకపోవచ్చు. కార్డు చెల్లుతోందంటే మీరు నడపడానికి తగినవారని అర్థం కాదు.

డాక్టరు మా గురించి ఆర్‌టీవోకి రాసేస్తారా?

ప్రతి రోగి పేరూ పంపాలని మన దేశంలో డాక్టర్లకు నియమం లేదు. రోగి రహస్యాన్ని కాపాడటం వాళ్ల వృత్తి ధర్మం. కోర్టు అడిగినా, ఎదుటివారికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉందనుకున్నా బయటపెట్టవచ్చు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల పద్ధతి వేరు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో డాక్టరే ప్రభుత్వానికి తెలియజేయాలి. పిల్లల దగ్గరికి అక్కడికెళ్లి కారు నడుపుదామనుకునే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి.

రైల్వే ఆసుపత్రి సంగతి కాస్త వేరు. అక్కడ మీకు వైద్యం చేసేదీ, మీరు డ్యూటీకి ఫిట్టో అన్‌ఫిట్టో తేల్చేదీ ఒకే వ్యవస్థ. సేఫ్టీ కేటగిరీలో ఉన్న మనిషి జబ్బు అక్కడ ఫైలు ఎక్కుతుంది. ఎక్కాలి కూడా.

లైసెన్సు రద్దు చేశారు. ఏం చేయాలి?

జబ్బు వల్ల నడపడానికి తగడని నమ్మడానికి సరైన ఆధారం ఉంటే, 16వ సెక్షన్ కింద లైసెన్సు అధికారి దాన్ని రద్దు చేయవచ్చు. లేదా, కొత్తగా మెడికల్ సర్టిఫికెట్ తెస్తేనే కొనసాగిస్తానని షరతు పెట్టవచ్చు. రద్దు చేసినా, ఇవ్వనన్నా కారణాలు మీకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో 17వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. నోటిమాటతో వెనక్కి పంపితే, కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. కాగితం లేనిదే అప్పీలు కదలదు.

ఫిట్స్ వచ్చి ప్రమాదం జరిగితే బీమా వస్తుందా? కేసు అవుతుందా?

దెబ్బతిన్న అవతలి మనిషికి పరిహారం థర్డ్ పార్టీ బీమా నుంచి సాధారణంగా వస్తుంది. మీ బండి నష్టానికీ మీ సొంత ప్రమాద బీమాకూ వచ్చేసరికి కంపెనీ జబ్బు దాచారంటూ అడ్డం తిరగవచ్చు. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం కేసు పెట్టవచ్చు. అందులో అయిదేళ్ల దాకా జైలు ఉంది. జీవితంలో మొదటిసారి ఫిట్స్ వచ్చిన మనిషిని కోర్టు ఒకలా చూస్తుంది. నడపవద్దని డాక్టరు చీటీ మీద రాసి ఇచ్చాక నడిపిన మనిషిని ఇంకోలా చూస్తుంది.

ఎంతకాలం ఆగాలి?

మన చట్టంలో గడువు లేదంటున్నారు. మరి ఇక ఎప్పటికీ నడపకూడదా?

అలా అనుకోనక్కర్లేదు. సరైన మందులు సరిగ్గా వాడితే మూర్ఛ ఉన్నవాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలా దేశాలు ఫిట్స్ లేకుండా గడిచిన కాలాన్ని కొలతగా పెట్టుకున్నాయి. బ్రిటన్‌లో సొంత కారుకూ బైకుకూ 12 నెలలు. ఒక్కసారే వచ్చి, పరీక్షల్లో ఇంకేమీ తేలకపోతే ఆరు నెలలు. లారీలకూ బస్సులకూ అయితే మందులు కూడా లేకుండా పదేళ్లు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఆ లెక్కలు ఖరగ్‌పూర్‌లో చట్టం కావు. కానీ, మీరూ మీ న్యూరాలజిస్టూ మాట్లాడుకోవడానికి ఒక ఆధారం. "ఎప్పుడు నడపవచ్చు?" అని వదులుగా అడిగితే, "చూద్దాం" అన్న జవాబే వస్తుంది. "ఫిట్స్ లేకుండా ఎన్ని నెలలు గడిస్తే మళ్లీ మాట్లాడుకుందాం? ఆ మాట చీటీ మీద రాస్తారా?" అని అడగండి. చట్టం ఇవ్వని తేదీని అలా రాబట్టుకోవాలి. ఆ గడువు పూర్తయ్యాక డాక్టరు ఉత్తరంతో లైసెన్సు ఆఫీసు ముందుకు వెళ్లవచ్చు. తుది నిర్ణయం వాళ్లది. మీ వాదనకు బలం ఆ ఉత్తరమూ, మీరు రాసుకున్న ఫిట్స్ డైరీనూ.

నేను కింద పడను. కొద్ది సెకన్లు చూపు నిలిచిపోతుంది, అంతే. అది కూడా లెక్కేనా?

లెక్కే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి అయిదు సెకన్లలో 83 మీటర్లు పోతుంది. చౌరంగి దగ్గర హైవే మీద ఆ 83 మీటర్లలో ఏమేం అడ్డొస్తాయో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. చేతిలో వస్తువు జారిపోవడం, మాట మధ్యలో ఆగి మళ్లీ అందుకోవడం, పొద్దున్నే చేతులు ఉలిక్కిపడ్డట్టు కదలడం కూడా డాక్టరుకు చెప్పాలి. వీటిని మనకంటే ఇంట్లోవాళ్లే ముందు కనిపెడతారు, అందుకని ఒకరిని వెంట తీసుకెళ్లండి. వీలైతే ఫోనులో వీడియో తీయించి పెట్టుకోండి. డాక్టరుకు అది చాలా ఉపయోగపడుతుంది.

నిద్రలోనే వచ్చే ఫిట్స్‌ను కొన్ని దేశాలు వేరుగా చూస్తాయి. చాలాకాలం నిద్రలోనే, ఎప్పుడూ మెలకువలో రాకుండా ఉంటేనే ఆ వెసులుబాటు. ఆ సంగతి మీ అంతట మీరు తేల్చుకునేది కాదు.

రెండేళ్లుగా ఏమీ రాలేదు. మందులు ఆపి బండి తీయవచ్చా?

ఆ రెండూ కలిపి అసలు చేయవద్దు. మందు తగ్గిస్తున్నప్పుడూ, ఆపిన తర్వాత కొన్ని నెలలూ ఫిట్స్ తిరిగి వచ్చే ముప్పు పెరుగుతుంది. బ్రిటన్‌లో మందు ఆపాక ఆరు నెలలు నడపవద్దంటారు. బండి మీదే బతుకు ఆధారపడిన మనిషికి మందు కొనసాగించడమే మేలని డాక్టరు చెప్పవచ్చు. ఖర్చు భారమైతే జన్ ఔషధి కేంద్రంలో దొరికే మందులు చాలా చవక. కానీ కంపెనీ మార్చేముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి. డోసు మరిచిపోవడం, వరసగా రాత్రులు నిద్ర లేకపోవడం, మద్యం తాగడం ఫిట్స్‌ను పిలుచుకొస్తాయి.

లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది కదా? సైకిలు?

250 వాట్ల కన్నా తక్కువ మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న బండిని నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. కాబట్టి లైసెన్సు అడగరు. కానీ, ఫిట్స్ వస్తే మీదకొచ్చే లారీ ఈ లెక్కలు చూడదు. వెనక పిల్లను కూర్చోబెట్టుకుని ఆ స్కూటర్ మీద స్కూలుకు పోవడం బైకు మీద పోవడం కన్నా ఏమంత క్షేమం కాదు. సైకిలుకూ చట్టం అడ్డు లేదు. డాక్టరు సరే అన్నాక, రద్దీ లేని కాలనీ రోడ్ల మీద, హెల్మెట్ పెట్టుకుని, తోడుతో తొక్కవచ్చు. ఫిట్స్ అదుపులోకి రాకముందు మాత్రం అదీ వద్దు.

రైల్వే ఉద్యోగం

మా ఆయన లోకో పైలట్. ఫిట్స్ అని తెలిస్తే ఉద్యోగం తీసేస్తారా?

ఇంజన్ మీది డ్యూటీ పోతుంది. ఉద్యోగం పోదు. లోకో పైలట్‌కు ఏ-1 మెడికల్ కేటగిరీ కావాలి, అన్నిటిలోకీ కఠినమైనది అదే. ఆ కేటగిరీకి అన్‌ఫిట్ అయి కింది కేటగిరీలో ఫిట్ అయితే మెడికల్ డీకేటగరైజేషన్ అంటారు. రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్ ప్రకారం, సర్వీసులో ఉండగా ఇలా అన్‌ఫిట్ అయిన ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతపు స్కేలులో ఇంకో పోస్టు చూపించాలి. పోస్టు దొరికేదాకా సూపర్‌న్యూమరరీ (అదనంగా సృష్టించిన) పోస్టులో ఉంచాలి. క్రూ లాబీ, ఆఫీసు, స్టోర్స్ వంటి చోట్ల ఏది తగునో స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది.

జీతం సంగతి విప్పి చెప్పుకోవాలి. రన్నింగ్ స్టాఫ్‌కు కొత్త పోస్టు చూసేటప్పుడు రన్నింగ్ అలవెన్సులో జీతంగా లెక్కించే భాగాన్ని మూల జీతానికి కలుపుతారు. అయినా నెలనెలా వచ్చే మైలేజీ ఆగిపోతుంది, చేతికొచ్చే డబ్బు తగ్గవచ్చు. ఇంటి లోను వాయిదాలున్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. కంగారులో స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టకండి. ముందు యూనియన్ వాళ్లతోనూ పర్సనెల్ బ్రాంచితోనూ మాట్లాడండి.

అసిస్టెంటు పక్కన ఉంటాడు, విజిలెన్స్ కంట్రోల్ డివైజ్ ఉంది. పీఎంఈ (నిర్ణీత కాలానికోసారి జరిగే వైద్య పరీక్ష) దాకా నడిపేస్తే ఏమైంది?

డ్రైవరు స్పందించకపోతే బ్రేకు వేయడం వరకే ఆ పరికరం చేసేది. ముందున్న సిగ్నల్ ఎరుపో పచ్చో అది చూడదు. అసిస్టెంటు పక్కనే ఉన్నా, ఫిట్స్‌లో ఉన్న మనిషిని పట్టుకోవడం, బండిని అదుపు చేయడం ఒకేసారి ఒక్కడి వల్ల కాదు. ఏ-1 వంటి 'ఏ' శ్రేణి కేటగిరీల్లోని వాళ్లకు పీఎంఈ 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటేటా. అంటే చిన్న వయసు వాళ్లకు దాచే అవకాశం నాలుగేళ్ల పొడుగున ఉంటుంది. వెనక పద్దెనిమిది ఇరవై బోగీల జనం ఉన్న డ్యూటీ అది. ఫిట్స్ వచ్చిన రోజే సిక్‌లో చేరాలి. ఇక్కడి రైల్వే మెయిన్ హాస్పిటల్‌లో చూపించుకుంటే, అవసరాన్ని బట్టి గార్డెన్ రీచ్‌లోని సెంట్రల్ హాస్పిటల్‌కు పంపుతారు.

పైగా పోస్టు మార్చమనే హక్కు మీకు వచ్చేదే జబ్బు రికార్డు అయ్యాక. దాచినంత కాలం ఆ రక్షణ మీకు లేనట్టే. ప్రమాదం తర్వాత జబ్బు బయటపడితే డీకేటగరైజేషన్‌కు బదులు ఛార్జిషీటు వస్తుంది.

వికలాంగుల చట్టంలో మూర్ఛ పేరు లేదట. మరి మాకు ఆ రక్షణ ఉన్నట్టా, లేనట్టా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో మూర్ఛను విడిగా చేర్చలేదు. అందువల్ల మూర్ఛ ఒక్కటే ఉంటే దివ్యాంగ సర్టిఫికెట్ దొరకడం కష్టం. కానీ, సర్వీసులో అన్‌ఫిట్ అయిన ఉద్యోగిని కాపాడే సూత్రం ఆ జాబితాతోనే ఆగిపోదు. తెలంగాణ ఆర్టీసీలో వర్ణాంధత్వం ఉందని ఒక డ్రైవరును ఇంకో పని చూపించకుండా ఇంటికి పంపారు. వర్ణాంధత్వం కూడా ఆ జాబితాలో లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకు తగిన పోస్టు ఇవ్వాలని ఆదేశించింది. మెడికల్ కారణంతో తీసేసే ముందు వేరే పని ఇవ్వడానికి నిజంగా ప్రయత్నించాలి అన్నది ఆ తీర్పు సారం. రైల్వేలో అయితే డీకేటగరైజేషన్ నిబంధనలు ఎలాగూ ఉన్నాయి. అర్జీలో వాటినే మొదట చూపించండి.

మా తమ్ముడు వర్క్‌షాప్‌లో పని చేస్తాడు, బండ్లు నడిపే డ్యూటీ కాదు. వాడికీ ఇబ్బందేనా?

చేసే పనిని బట్టి ఉంటుంది. క్రేన్ నడపడం, ఎత్తు మీద పని, కొలిమి దగ్గర పని, తిరిగే యంత్రాల పక్కన పని, లైను మీద ఒంటరిగా పని ఫిట్స్ ఉన్నవాళ్లకు ప్రమాదం. బెంచి మీది పని, తనిఖీ, స్టోర్స్, ఆఫీసు పని మామూలుగా చేసుకోవచ్చు. నైటు షిఫ్టు వద్దని డాక్టరు రాస్తే ఆ చీటీ జతచేసి అర్జీ పెట్టండి. నిద్ర చెడటమే ఫిట్స్‌కు కారణమవుతుంటే ఆ ఒక్క మార్పుతోనే చాలా తేడా వస్తుంది.

టోటో, ప్రైవేటు పని

టోటో నడుపుకుని బతుకుతున్నాను. దానికీ ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. ఈ-రిక్షా చట్టప్రకారం మోటారు వాహనం, దానికి లైసెన్సు కావాలి. పైగా జనాన్ని ఎక్కించుకునే బండి కాబట్టి మీకోసం ఆగడం కన్నా వాళ్లకోసం ఆగడం ముఖ్యం. టోటో సొంతదైతే, ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా లైసెన్సు ఉన్న ఇంకొకరికి రోజువారీ అద్దెకివ్వండి. ఆదాయం తగ్గినా పూర్తిగా ఆగదు, బండి లోను కట్టుకోవచ్చు. అమ్మేయడం చివరి మాట. ఏడాదిలో మీరే మళ్లీ తీసే రోజు రావచ్చు.

కాంట్రాక్టరు దగ్గరో ప్రైవేటు ఫ్యాక్టరీలోనో డ్రైవరుగా చేసేవాళ్లకు రైల్వే ఉద్యోగికున్న గట్టి రక్షణ లేదు. దివ్యాంగుల చట్టంలో ఉద్యోగం తీసేయకూడదన్న నియమం ప్రభుత్వ సంస్థలకే. అందుకే మీరే ముందు అడగాలి. లోడింగ్ లెక్కలు, గేటు, స్టోరు వంటి పని ఇమ్మని ఒక ఉత్తరం రాసి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. ఉద్యోగం పోతే లేబర్ ఆఫీసులో ఆ కాగితమే మాట్లాడుతుంది.

బండి లేకుండా రోజు గడవాలంటే

పిల్లల స్కూలు, బజారు, ఆసుపత్రి, అన్నీ నా బండి మీదే. ఎలా?

ఇంట్లో ఇంకొకరు బండి నేర్చుకోవడం మొదటి పని. చాలా ఇళ్లలో ఇంటావిడకు స్కూటీ నేర్పడం ఏళ్ల తరబడి వాయిదా పడుతూ ఉంటుంది. ఇదే సమయం, లైసెన్సుతో సహా. బడి పిల్లలకు ఒక టోటోను నెలకింతని మాట్లాడుకోవచ్చు, పక్క క్వార్టర్ల పిల్లలు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు. మేదినీపూర్ మెడికల్ కాలేజీకి వెళ్లాలంటే గిరి మైదాన్ మీదుగా లోకల్ ఉంది. కోల్‌కతాలో బాంగూర్ న్యూరోసైన్సెస్ సంస్థకైతే హౌరా దాకా రైలే. ఈ ఊరికి రైలు కొరత లేదు, నెలవారీ సీజన్ టికెట్టు బైకు పెట్రోలు కన్నా చవక. క్వార్టరు మార్పు అడిగే వీలుంటే, పని చోటికి నడిచి వెళ్లేంత దగ్గరలో అడగండి.

రైలులో పోవడం క్షేమమేనా? రాయితీ ఉందా?

క్షేమమే, కొన్ని జాగ్రత్తలతో. ప్లాట్‌ఫారం అంచున నిలబడవద్దు, గోడవైపు బెంచీ మీద కూర్చోండి. లోకల్‌లో తలుపు దగ్గర వేలాడవద్దు. దూర ప్రయాణంలో కింది బెర్తు తీసుకోండి. మందులు చేతిసంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు. రైలు ఛార్జీలో రాయితీ ఇచ్చే జబ్బుల జాబితాలో మూర్ఛ లేదు. ఏజెంట్లు ఆ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి.

బయట ఫిట్స్ వస్తే జనం ఏం చేయాలో వాళ్లకెలా తెలుస్తుంది?

జేబులో ఒక కార్డు పెట్టుకోండి. తెలుగు, బెంగాలీ, హిందీ మూడింటిలోనూ రాయించండి. బెంగాలీ వాళ్లు దీన్ని మృగీ అంటారు. కార్డులో ఇవి ఉండాలి: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో చెంచా, నీళ్లు, వేలు ఏదీ పెట్టవద్దు, టైము చూడండి, అయిదు నిమిషాలు దాటినా, తేరుకోకముందే మళ్లీ వచ్చినా 112కి ఫోన్ చేయండి. రైలులోనైతే 139. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన, చెప్పు వాసన చూపించడం వల్ల ఏ లాభమూ లేదు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు మాత్రం తాళాలకొస్తుంది.

బండి మానేస్తే నలుగురూ ఎందుకని అడుగుతారు. అమ్మాయి పెళ్లికి అడ్డు కాదా?

"డాక్టరు కొన్నాళ్లు నడపవద్దన్నారు" అంటే చాలు, ఎవరికీ వివరణ బాకీ లేదు. పెళ్లి విషయంలో చట్టం ఎప్పుడో మారింది. 1999 సవరణతో హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టాల నుంచి మూర్ఛను తీసేశారు. మూర్ఛ ఉందని పెళ్లి చెల్లదనడానికి వీల్లేదు. అయితే పెళ్లికి ముందు అవతలి వాళ్లకు చెప్పడం మంచిది. మోసం చేశారన్న వాదనకు అప్పుడు చోటు ఉండదు. చెప్పాక కుదిరిన సంబంధంలో మందు బిళ్ల దాచుకుని మింగాల్సిన పనీ ఉండదు.

నిన్ననే డాక్టరు మూర్ఛ అని తేల్చారు. ముందు ఏమేం చేయాలి?

ఒకటి: బండి తాళాలు ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. రెండు: నడపవద్దన్న సలహా, మళ్లీ మాట్లాడే గడువు రెండూ చీటీ మీద రాయించుకోండి. మూడు: సేఫ్టీ కేటగిరీ రైల్వే ఉద్యోగి అయితే సిక్‌లో చేరండి, ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి. నాలుగు: ఒక నోటుపుస్తకంలో ఫిట్స్ వచ్చిన తేదీ, సమయం, ఆ రోజు నిద్ర, మరిచిన డోసు రాయడం మొదలుపెట్టండి. అయిదు: రోజూ ఒకే వేళకు మందు, దానికి ఫోనులో అలారం.

ఏడాది తర్వాత లైసెన్సు ఆఫీసులోనో స్క్రీనింగ్ కమిటీ ముందో మీ తరఫున నిలిచేది ఆ చీటీ, ఆ నకళ్లు, ఆ పుస్తకం. అవి ఈ వారమే మొదలుపెట్టిన వాళ్లకు అప్పుడు చూపించడానికి ఏడాది రికార్డు ఉంటుంది.